ఈశ్వరప్ప బావ రంపం బేరం

మా బావ ఈశ్వరప్ప ఏదైనా కొనాలనుకుంటే ముందు నా ప్రాణాలు తోడేవాడు. చెప్పుల జత కావాలన్నా సరే, యాడికి ఊరి దగ్గరున్న వాళ్ళ పల్లె నుంచి బస్సెక్కి తాడిపత్రిలో నా సైకిల్ షాపు ముందు దిగేవాడు. "రా వెంకటప్పా, ఊరికే చూసొద్దాం" అనేవాడు. ఊరికే చూసి రావడమన్నది ఆయన జన్మలో జరగలేదు. చెప్పును వంచి చూస్తాడు, వాసన చూస్తాడు, తొడుక్కొని అంగట్లో అటూ ఇటూ నడుస్తాడు. ఆ తర్వాత దాన్ని నానా మాటలూ అంటాడు. అంగడాయన మొహం మాడ్చుకున్నాక లేచి మెల్లగా బయటికి నడుస్తాడు. వెనక నుంచి పిలుపు రావాలి. రాకపోతే గడప దగ్గర వంగి, కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు వెతుక్కుంటాడు. లేని ఆ ముల్లు కోసం ఆయన వెతుకుతుంటే, తాడిపత్రి బజారులో తెలిసినవాళ్ళందరి ముందూ నేను తల వంచుకొని నిలబడేవాణ్ణి.

ఆయన ఎద్దుల దళారి. కంబదూరు నుంచి విడపనకల్లు దాకా ఎక్కడ ఎద్దుల పరస, అంటే పశువుల సంత, జరిగినా, భుజాన ఎర్రంచు తువ్వాలతో ఆయన అక్కడ ఉండాల్సిందే. రైతులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పేవాడు. ఒంటి మీది సుడులు చూసి ఏ ఇంటికి అచ్చొస్తుందో చెప్పేవాడు. కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూడనిదే ఏ ఎద్దునూ ఒప్పుకునేవాడు కాదు. ఆయన మీద నాకెంత కోపం ఉన్నా ఒక మాట చెప్పి తీరాలి. ఆయన చేతి మీదుగా కుంటి ఎద్దు ఒక్కటి కూడా ఏ పేదవాడి ఇంటికీ పోలేదు.

పరసలో ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడి చేతి మీదా కొనేవాడి చేతి మీదా దళారి తన తువ్వాల కప్పుతాడు. దాని కింద వేళ్ళు పట్టుకొని, నొక్కి, విడిచి, ధర తేల్చుకుంటారు. చుట్టూ చేరినవాళ్ళకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. ఆ తువ్వాల కింద మా బావంత ఓపిక ఎవరికీ లేదని చెప్పుకునేవాళ్ళు. ఆయన చెప్పే కిటుకు ఒక్కటే. పరస చివరి దినం దాకా ఆగాలి. ఆ సాయంత్రానికి తెచ్చుకున్న గడ్డి అయిపోతుంది, తొట్లో నీళ్ళు అడుగంటుతాయి, ఎద్దును మళ్ళీ అంత దూరం తోలుకొని పోవాలంటే అమ్మేవాడికి గుండెలు జారిపోతాయి. అప్పుడు ధర దానంతట అదే దిగి వస్తుంది. "తొందర పడినోడు ఓడిపోయినట్టే" అని ఆయన నాకు చెప్పని రోజు లేదు.

మా అక్క నాగలక్ష్మమ్మను చేసుకోవడానికి కూడా ఆయన మూడుసార్లు వచ్చి చూసి పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు, "అమ్మాయిని రొంత నీళ్ళు తెమ్మనండి, నడక చూస్తాం" అన్నాడని మా నాయన చేతికర్ర అందుకున్నాడు. మూడోసారి ఏం చూశాడో తెలియదు గానీ ఒప్పుకొని పోయాడు. "నా పండ్లు లెక్కపెట్టలా, అంతవరకూ మేలు" అని మా అక్క పెళ్ళయిన ఎన్నో ఏళ్ళ దాకా ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. పరసలో తప్ప ఆయన నవ్వింది అక్క ముందే.

దళారీ పని మీద సంపాదించినదంతా పెట్టి డెబ్బై నాలుగులో ఆయన పల్లె బయట చేను కొని, బావి తవ్వించి, చీనీ చెట్లు, అదే బత్తాయి, పెట్టి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. అక్కకు ఆ తోటే లోకం. ఏ చెట్టు ముందు పూస్తుందో, ఏ చెట్టు కాయ పులుపో ఆమెకు తెలుసు. ఒక దున్నపోతు ఎగిరి తన్నినప్పుడు బావ కుడి భుజం పాడైంది. బరువు ఎత్తలేడు, గట్టిగా లాగలేడు. ఇంక పరసలు చాలించి చీనీకాయల మీదే బతుకుదామని ఇద్దరూ అనుకున్నారు. చెట్లు బాగా కాపుకొచ్చిన మూడో ఏడు నుంచే వానలు మొహం చాటేశాయి.

ఎనభై నాలుగు మొదట్లో బావిలో నీళ్ళు ఎంతగా దిగిపోయాయంటే, కరెంటు ఉన్న కాసేపట్లో కూడా మోటారు నాలుగు పాదులు తడిపి గాలి పీల్చేది. ఊళ్ళో కూలివాళ్ళంతా బెంగళూరు పోయారు. అప్పుడు పట్నం నుంచి ఒక తోటల ఆఫీసరు వచ్చి చీనీ రైతులందరినీ ఒక తోటలో కూర్చోబెట్టి చెప్పాడు. ఈ కొద్ది నీళ్ళతో ఇంత ఆకును బతికించలేరు. లావు కొమ్మలను సగానికి కోసేయండి. కోసినచోటా మాను మీదా సున్నం పూయండి, పాదుల్లో చెత్త కప్పండి. ఉన్న తడి వేర్లకు సరిపోతుంది, వానలు పడగానే మళ్ళీ చిగురిస్తాయి. ఏం చేసినా ఉగాదిలోపు చేయండి, ఎండ ముదిరాక కోసి లాభం లేదు. ఇంత చెప్పి, తన వెంట తెచ్చిన పెట్రోలు రంపాన్ని చేతిలోకి తీసుకొని తాడు లాగాడు. దాని చుట్టూ పళ్ళున్న చైను గిర్రున తిరిగింది. నా తొడంత లావు కొమ్మ, నేను బీడీ ముట్టించుకునేలోగా కింద పడింది.

నేను కొమ్మను చూశాను. మా బావ రంపాన్ని చూశాడు. కొత్త కోడెను చూసినప్పుడు ఆయన కళ్ళు సన్నబడతాయి, అలాగే అయ్యాయి. నా షాపుకు ఇంక తాళమేనని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రం అక్క చాలా మామూలుగా చెప్పింది. "వడ్ల బయ్యన్న కాడ చేతి రంపం ఉండాది. అడిగితే ఇస్తాడు. ఎండ రాకముందు రెండు చెట్లు, ఎండ దిగినాక రెండు చెట్లు కోసుకుంటా పోతే ఉగాదికి అయిపోతాది."

"చేతి రంపంతో కోస్తే తోలు చీలుతాదే పిచ్చిదానా" అన్నాడు బావ. "ఎన్ని చెట్లుండాయి, నా భుజం చూస్తే ఇట్లుండాది. మిషన్ అయితే నాలుగు దినాల పని. ఈ ఏడే కాదు, ఏటా పనికొస్తాది. మంచిది ఒకటి చూసి, సవగ్గా తెస్తా. రొంత ఆగు."

ఆ "రొంత ఆగు" అన్న మాట విని అక్క పొయ్యి దగ్గరికి లేచి పోయింది. నా బామ్మర్ది పదవికి మాత్రం పని పడింది. "సైకిల్‌కూ చైనే, దానికీ చైనే. నీకు తెలుస్తాది, నువ్వు రావాల" అన్నాడు. నేను షాపు మూసుకొని ఆయన వెంట పోయాను.

మొదట అనంతపురంలో ఒక పెద్ద ఇనుప సామాన్ల అంగడికి పోయాం. అద్దాల బీరువాలో కొత్త రంపం, పైదేశం సరుకు. ధర వింటే మంచి జత ఎద్దులు గుర్తొచ్చాయి. మా బావ దాన్ని కిందికి దింపించి, చైను మీది పళ్ళు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ చుట్టూ వచ్చాడు. తర్వాత బల్ల మీదికి వంగి, కౌంటరు వెనకున్న కుర్రమనిషి చేతి మీద తన తువ్వాల కప్పాడు. ఆ అబ్బాయి కరెంటు షాకు కొట్టినట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా, బేరం తెలీదా?" అన్నాడు బావ.

"ఫిక్సెడ్ రేటు సార్. బోర్డు ఉంది చూడండి."

"సరే. కట్టి చూపీ. ఈడనే ఒక కొయ్య కోసి చూస్తాం."

"పెట్రోలు పోస్తే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది సార్."

"కాడి కట్టకుండా ఎద్దునెట్ల కొంటారప్పా?" అని మా బావ నా వైపు తిరిగి అడిగాడు, ఆ అంగడి నాదయినట్టు. ఆ తర్వాత మామూలే. లేచాడు, మెల్లగా నడిచాడు, గడప దగ్గర వంగి ముల్లు వెతుక్కున్నాడు. లోపల ఆ అబ్బాయి రంపాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకొని వేరే గిరాకీని చూసుకుంటున్నాడు. ఎవరూ పిలవలేదు. ఈయన లేవలేదు. నేనే రెక్క పట్టి లేపాను.

శివరాత్రి దాటాక ఎవరో చెప్పారని విడపనకల్లు మీదుగా రాష్ట్రం సరిహద్దు దాటి ఒక కోత మిల్లుకు పోయాం. రెండు బస్సులు మారి, దుమ్ము కొట్టుకొని పోయాం. అక్కడ పాత రంపం ఒకటుంది. ధర మా అందుబాటులోనే ఉంది. నేను చైను బిగువు చూశాను. కాస్త వదులు, అంతే, బిగించుకుంటే సరిపోతుంది. తాడు లాగితే రెండో లాగుకు పలికింది. మొద్దును బాగానే కోసింది. "ఇది చాలు బావా, తీసుకుందాం" అన్నాను. ఆయన మిల్లులో పనిచేసే మనిషిని పక్కకు పిలిచి బీడీ ఇచ్చాడు. ఎద్దు గుట్టు పాలేరును అడగాలని ఆయన పద్ధతి. ఆ పాలేరు బీడీ కాల్చుకుంటూ, కిందటేడు ఈ రంపం ఎగిరి తన్ని ఒకాయన మోకాలు చీల్చిందని చెప్పాడు.

"మనిషిని తన్నిన గొడ్డును నేను ఇంటికి తోలుకపోను" అన్నాడు బావ.

"అది గొడ్డు కాదు బావా, మిషను. సరిగ్గా పట్టుకోకపోతే ఏ మిషనైనా తంతుంది."

"రక్తం రుచి చూసినాది. నాకొద్దు."

తిరుగు ప్రయాణంలో బస్సు చెడిపోయి రోడ్డు పక్కన ఎండలో కూర్చున్నాం. ఆ రంపం వద్దనుకున్నందుకు ఆయన ఎంత తృప్తిగా ఉన్నాడో చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ చేలల్లో ఎక్కడా పచ్చన లేదు. ఉగాది ఇంకెంత దూరముందో ఆయనకు గుర్తు చేశాను. "తెలుసులే" అన్నాడు.

మేము ఊళ్ళు తిరుగుతున్నప్పుడు అక్క ఊరికే కూర్చోలేదు. వడ్రంగి బయ్యన్న రంపం తెచ్చుకొని బావి పక్క వరుస నుంచి మొదలు పెట్టింది. పొద్దున లేచి, ఆవు పని చూసుకొని, సంగటి కెలికి పెట్టి, చీర దోపుకొని చెట్టెక్కేది. ఒక ఆదివారం నేను పోయేసరికి రెండు వరుసలు అయిపోవచ్చాయి. కోసిన చెట్లు మొండి చేతులు చాపినట్టు తెల్లగా, సున్నం పూసుకొని నిలబడ్డాయి. ఆమె అరచేతుల్లో బొబ్బలు చితికి, వాటి మీదే గుడ్డ చుట్టుకొని మళ్ళీ రంపం పట్టింది. నేను లాక్కొని ఆ పూట కోశాను. చేతి రంపంతో ఎంత కష్టమో నాకు తెలిసింది. కోయలేనంత కష్టం మాత్రం కాదు.

బావ చూసి విసుక్కున్నాడు. "పచ్చని చెట్లను బోడి చేసి పెట్టినావు. చూడు తోలెట్ల చీలిందో. మిషన్ వస్తాదంటే వినవే."

"వచ్చినప్పుడు మిగతావి దాంతో కొయ్యి" అంది అక్క. ఆమె కొమ్మ మీద నుంచి దిగలేదు.

తర్వాతి వారం వడ్ల బయ్యన్న కూడా మూటాముల్లె సర్దుకొని బెంగళూరు బస్సెక్కాడు. తన రంపం తను తీసుకుపోయాడు. అక్క నాకు కబురు పంపితే తాడిపత్రిలో కొత్త చేతి రంపం కొని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. మరుసటి రోజు మధ్యాహ్నం మా బావ ఆ రంపాన్ని చంకలో పెట్టుకొని నా షాపు ముందు దిగాడు.

"ఎంతకు కొన్నావు?" అన్నాడు.

చెప్పాను.

"నిన్ను నిలువునా ముంచినాడు. పా, వాపసు ఇచ్చేద్దాం."

నేను కదలలేదు. ఆయన ఒక్కడే పోయాడు. ఆ అంగట్లో గంటసేపు ఏం వాదించాడో, దుడ్లు వాపసు తెచ్చి గర్వంగా నా గల్లాపెట్టె మీద పెట్టాడు. "మిషన్ వస్తాంటే దీనికి దండగ ఏంటికి?" అన్నాడు. పక్కనున్న పంక్చర్ నీళ్ళ బొక్కెన ఆయన నెత్తిన గుమ్మరించాలన్నంత కోపం వచ్చింది. అక్క మొగుడు కదా అని పళ్ళు కొరుక్కున్నాను.

ఆ రోజే ఆయనకు నిజంగా మంచి రంపం కనబడింది. తాడిపత్రిలో కట్టెల అడితి నడిపే బుడేన్ సాబ్ చిక్కమగళూరు దిక్కు కాఫీ తోటల వేలంలో ఒక రంపం కొని తెచ్చుకున్నాడు. కోసే మనుషులు వలసపోవడంతో అది మూల పడి ఉంది. మా బావ దాన్ని అడితిలోనే నడిపించి, తుమ్మ మొద్దును కోయించి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. ఆ తర్వాత దాన్ని తిట్టడం మొదలు పెట్టాడు. పొగ ఎక్కువన్నాడు, బరువన్నాడు, పిడి అరిగిందన్నాడు. అంతగా తిడుతున్నాడంటే అది ఆయనకు బాగా నచ్చిందని నాకు అర్థమై, పోనీలే ఇప్పటికైనా ఒడ్డున పడ్డాం అనుకున్నాను.

బుడేన్ సాబ్ పాత మనిషి. ఎన్నో జతల ఎద్దులను మా బావ చేతి మీదుగానే కొన్నాడు. తువ్వాల కప్పగానే నవ్వుతూ చేయి అందులో పెట్టాడు. తువ్వాల చాలాసేపు కదిలింది. చివరికి ఇద్దరి మధ్యా నూరు రూపాయల తేడా నిలిచింది.

"ఈశ్వరప్పన్నా, నీ తోట సంగతి నాకు తెలుసు" అన్నాడు బుడేన్ సాబ్. "ముందు తీసుకపో. చెట్లు కోసుకో. దుడ్లు నిదానంగా మాట్లాడుకుందాం."

నేను రంపం మీద చేయి వేశాను కూడా. మా బావ నా చేయి తీసేశాడు.

"ధర తెగకముందు గొడ్డును ఇంటికి తోలుకపోతే ఇంగేముండాది సాబూ? ఇంట్లో ఆడోళ్ళు దానికి గడ్డేస్తారు, పేరు పెడతారు. బేరం ఆడనే పోతాది. ఆలోచించుకో. మళ్ళా వస్తా."

బయటికి రాగానే నా చెవిలో అన్నాడు. "అంత వూరికే ఇస్తానంటాండాడంటే దిగుతాడు. ఎండాకాలంలో కట్టెలు కొనేదెవరు? కోసేదెవరు? ఆయప్పకు ఇది చివరి దినం. రొంత ఆగు."

ఉగాది పండగనాడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పచ్చడిలో వేసుకోవడానికి అక్క తోటలోకి వేప పువ్వు కోసం పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చి బావ ముందు నిలబడింది. ఆమె గొంతు పెంచగా నేను అంతకు ముందు వినలేదు.

"ఆకు ముడుచుకుంటాండాది. పైవరుసలో రాలిపోతాండాది. ఆ నూరు రూపాయలు ఇచ్చి తెస్తావా, తేవా?"

"దిగుతాడే. ఇంకో వారం."

"ఎవురు దిగేది? పరసలో గడ్డి అయిపోయినోడు తగ్గాల అని నువ్వే కదా చెప్తావు. ఈడ గడ్డి అయిపోయినాది బుడేన్ సాబుకా, మనకా? ఎద్దయితే అమ్ముడు పోకుంటే మళ్ళా ఊరికి తోలుకపోవచ్చు. చెట్టును యాడ తోలుకపోతావు? ఆడనే సస్తాది."

మా బావ పచ్చడికి బెల్లం కలుపుతున్న గిన్నె కింద పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు. నలభై ఏళ్ళు తను చేసిన పనిని ఇంట్లో మనిషే తప్పంటుంటే నమ్మలేని చూపు అది. "నాకు తెలుసులే, నీకు తెలీదు" అని మాత్రం అన్నాడు. ఆ రోజు నేనూ నోటికొచ్చినట్టు తిట్టి, భోజనం చేయకుండా బస్సెక్కాను. ఆ నూరు నేనిస్తానని కూడా అన్నాను. నూరు కాదు ముఖ్యమని ఆయన, నూరే ముఖ్యమైపోయిందని నేను.

మోటారు పూర్తిగా ఆగిపోయింది. అక్క బావిలోకి కడవ దించి, అడుగున ఊరిన నీళ్ళు చేది, తను కోసిన రెండు వరుసల పాదుల్లో పోసుకుంటూ వచ్చింది. అంతకంటే దూరం మోయడం ఆమె చేతకాలేదు. బావ వారానికొకసారి తాడిపత్రి వచ్చి బుడేన్ సాబ్ అడితి ముందు నుంచి అటు నడిచి, ఇటు నడిచి, లోపలికి పోకుండా వెళ్ళేవాడు. తను అక్కడే ఉన్నానని, తొందర మాత్రం లేదని అవతలి మనిషికి తెలియాలట.

చివరికి ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం బుడేన్ సాబే ఆయన్ను కేకేసి పిలిచాడు. "యా అల్లా, నీ పోరు పడలేనన్నా. ఆ నూరు నువ్వే ఉంచుకో. తీసుకపో, నీకు దండం" అన్నాడు. మా బావ తువ్వాల దులిపి భుజాన వేసుకొని నా షాపుకు వచ్చాడు. "చూసినావా, ఏం చెప్పినా?" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను ఆ ఏడాదిలో చూడలేదు. రంపాన్ని బస్సు మీద వేయనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నడపడానికి నన్నూ వెంట తీసుకుపోయాడు.

పైవరుస మొదటి చెట్టు దగ్గర నేను తాడు లాగాను. ఒక్క లాగుకే పలికింది. కొమ్మ మీద పెట్టగానే కోసుకుంటూ పోయింది. కింద పడిన పొట్టు పొడిగా, తెల్లగా, దుమ్ములా ఎగిరింది. పచ్చి కొమ్మ పొట్టు అలా ఉండదు. నేను మిషన్ ఆపాను. మా బావ కోసినచోట వేలు పెట్టి చూశాడు. తర్వాత మాను మీద గోటితో గీకాడు. లోపల గోధుమ రంగు. పక్క చెట్టుకు పోయాడు, గీకాడు. దాని పక్క చెట్టుకు పోయాడు. ఎద్దు పళ్ళు చూసినంత శ్రద్ధగా ప్రతి చెట్టూ గీకి చూస్తూ వరుస వెంట వరుస నడిచాడు. నేను వెనకే పోయాను. తిట్టాలని నెలల తరబడి దాచుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు.

బావి పక్క వరుసకు వచ్చి, సున్నం పూసిన మొండి చెట్టును గీకాడు. గోటి కింద పచ్చగా తడి మెరిసింది. ఆయన రెండో చెట్టు గీకలేదు. ఆ పాదులోనే, అక్క కప్పిన చెత్త మీద కూలబడ్డాడు. అక్క వాకిట్లో నిలబడి అంతా చూసింది. ఒక్క మాట అంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె లోపలికి పోయి ఇద్దరికీ నీళ్ళు తెచ్చి పెట్టింది.

ఎండిన చెట్లను కోసింది నేనే, ఆ రంపంతోనే. కోసినన్ని రోజులూ అది ఒక్కసారి కూడా మొరాయించలేదు, వేడెక్కలేదు, తన్నలేదు. రంపాన్ని ఎంచడంలో మా బావ ఏమాత్రం పొరబడలేదు. నాకు కడుపుమంట అక్కడే.

కట్టెలు కొనడానికి బుడేన్ సాబ్ తన ఎద్దుల బండితో, ఒక పనివాడితో వచ్చాడు. పడున్న మానులను చూసి తల విదిలించాడు. తర్వాత అలవాటు కొద్దీ చేయి ముందుకు చాపి, "నీ తువ్వాల ఏదన్నా?" అన్నాడు. మా బావ భుజం ఖాళీగా ఉంది.

"ఇంట్లో ఉండాది. నీ నోటికి ఎంతొస్తే అంత ఇయ్యి సాబూ."

బుడేన్ సాబ్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన ఒక ధర చెప్పాడు. మంచి ధరే చెప్పాడు. మా బావ సరేనని తల ఊపాడు. అంతకు ముందు ఆయన ఎవరి మొదటి మాటకూ తల ఊపగా నేను చూడలేదు. చూడాలని ఎన్నేళ్ళు కోరుకున్నానో, చూసినప్పుడు అంత బాధేసింది.

ఈలోగా పనివాడు గొడ్డలి తీసుకొని బావి వైపు పోయాడు. ఆకు లేని బోడి చెట్లు, సున్నం పూసుకొని, చూసేవాడికి చచ్చినట్టే ఉన్నాయి. "ఇవీ మన బేరంలోవే కదా?" అని కేకేసి, గొడ్డలి ఎత్తాడు.

మా బావ పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ భుజంతో, కోసిన మొద్దుల మీద తట్టుకుంటూ పరుగెత్తి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. సున్నం కింద నుంచి ఆవగింజంత చిగుర్లు రెండు మూడు చోట్ల పొడుచుకొచ్చి ఉన్నాయి. నాకు అప్పటిదాకా కనబడలేదు. ఆయన రోజూ చూసుకుంటున్నాడేమో.

"ఇవి మా ఆమెవి" అన్నాడు రొప్పుతూ. "వీటికి బేరం ల్యాదు."

అక్క బావి గట్టు మీద ఉంది. అప్పుడే చేదిన కడవ కింద పెట్టి ఆయన వైపు చూసింది.

"అట్లయితే ఈ కడవ అందుకో" అంది.

ఆయన పోయి, భుజం నొప్పి మాట ఎత్తకుండా, కడవ అందుకున్నాడు.